ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5 సమీక్ష: నీటికి బెత్తెడు ఎత్తున ఎగిరేదాన్ని గీయడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ముందు తీర్పు చెప్పేస్తే చదివేవాళ్లకు తేలిక. ఇంట్లో గ్రౌండ్ ఎఫెక్ట్ విమానం, అంటే రష్యన్లు ఎక్రనోప్లేన్ అనేదాన్ని, రేడియో కంట్రోల్ సైజులో కట్టాలనుకునేవాళ్లకు ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5 అనే రెక్కల లెక్కల సాఫ్ట్‌వేర్ తప్పనిసరి సరుకు. ఖర్చు సున్నా. పాత లాప్‌టాప్ చాలు. కానీ మామూలు విమానానికి వాడినట్టు దీన్ని వాడితే నిండా ముంచుతుంది. ఇక్కడ ముంచడం అంటే నిజంగానే నీళ్లలో. అడగాల్సిన ప్రశ్నని అడగాల్సిన తీరులో అడిగితేనే పనికొచ్చే జవాబిస్తుంది.

ఈ సాఫ్ట్‌వేర్‌ని రాసింది ఆంద్రే దెపెరుయా. లోపల రెక్క కోత, అంటే ఫాయిల్, లెక్కలు చేసేది ఎంఐటీ ప్రొఫెసర్ మార్క్ డ్రెలా 1980లలో రాసిన ఎక్స్‌ఫాయిల్. దాని మీద మొత్తం రెక్క, తోక కలిపి లెక్కకట్టే మూడు పద్ధతులు పేర్చారు: లిఫ్టింగ్ లైన్, వోర్టెక్స్ లాటిస్, త్రీడీ ప్యానెల్. జీపీఎల్ లైసెన్సు కింద ఉచితం. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది. మొదట్లో ఇది మోడల్ గ్లైడర్ల కోసం పుట్టింది కాబట్టి తక్కువ వేగాలు, చిన్న రెక్కలు దీనికి అలవాటైన రాజ్యం. మన పనికి అదే పెద్ద ప్లస్.

గ్రౌండ్ ఎఫెక్ట్ సంగతి రెండు ముక్కల్లో. రెక్క నేలకు దగ్గరైతే కొసల దగ్గర సుడులు పూర్తిగా విచ్చుకోలేవు, కింద గాలి ఒత్తిడి పెరుగుతుంది. లిఫ్ట్ (పైకెత్తే బలం) పెరిగి డ్రాగ్ (వెనక్కి లాగే బలం) తగ్గుతుంది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ పైలట్ల చేతిపుస్తకం ఇచ్చే అంకెల ప్రకారం, రెక్క స్పాన్ (కొస నుంచి కొసకు పొడవు) అంత ఎత్తులో ఇండ్యూస్డ్ డ్రాగ్ (ఆ కొసల సుడుల వల్ల పుట్టే డ్రాగ్) తగ్గుదల 1.4 శాతమే, స్పాన్‌లో నాలుగో వంతు ఎత్తులో 23.5 శాతం, పదో వంతులో 47.6 శాతం. అంటే ఎంత చెట్టుకు అంత గాలి. 92 మీటర్ల పొడవున్న సోవియట్ 'కాస్పియన్ రాక్షసి' కేఎం కొన్ని మీటర్ల ఎత్తున పోతూ ఈ లాభం పొందింది. మీటరు స్పాన్ ఉన్న మోడల్‌కి ఆ లాభం 10 సెం.మీ. లోపే దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్‌లో వేసే ప్రతి ఎత్తూ సెంటీమీటర్లలో జాగ్రత్తగా వేయాల్సి రావడానికి కారణం ఇదే.

పరీక్షకు ఒక నిర్దిష్టమైన డిజైన్ ఉంటేనే సాఫ్ట్‌వేర్ మంచీ చెడూ బయటపడతాయి. అందుకు లిపిష్ తరహా రివర్స్ డెల్టా తీసుకోవడం మేలు. విమానాల డిజైనర్ అలెగ్జాండర్ లిపిష్ 1963 నాటి ఎక్స్-112లోనూ, 1970 నాటి ఎక్స్-113లోనూ వాడిన ఆకారం ఇది: ముందు అంచు తిన్నగా అడ్డంగా, వెనక అంచు కొసల వైపు ముందుకు వాలుతూ, కొసలు కిందికి వంగి, పైన పెద్ద టీ (T) ఆకారపు తోక. ఇంట్లో కట్టేవాళ్లకు దీనంత క్షమించే ఆకారం ఇంకొకటి లేదు. కొలతలు ఇలా అనుకుందాం: స్పాన్ 1 మీటరు, మధ్యలో కార్డ్ (ముందు అంచు నుంచి వెనక అంచుకు వెడల్పు) 70 సెం.మీ., కొసలో 15 సెం.మీ., మొత్తం బరువు 1.2 కిలోలు. వైశాల్యం 0.425 చ.మీ., సగటు కార్డ్ (మామూలు సగటు కాదు, ఏరోడైనమిక్ సగటు) 48.4 సెం.మీ. వస్తాయి. తోక వైశాల్యం 0.11 చ.మీ., సీజీకి (గురుత్వ కేంద్రానికి) 75 సెం.మీ. వెనక, 25 సెం.మీ. పైన.

ఈ ఆకారాన్ని ఎక్కించడంలో ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5కి నూటికి నూరు. రెక్క పట్టికలో ఆఫ్‌సెట్ (ముందు అంచు ఎంత వెనక్కి జరగాలో చెప్పే) గడి రెండు వరుసల్లోనూ సున్నా ఉంచి కార్డ్ 0.70 నుంచి 0.15కి తగ్గిస్తే చాలు, రివర్స్ డెల్టా దానంతటదే తెర మీద ప్రత్యక్షం. డైహెడ్రల్ (కొసలు పైకెత్తే కోణం) గడిలో మైనస్ వేయాలి. ఎంత మైనస్ అనేది ఊహించి వేసేది కాదు. రెక్క 6 డిగ్రీలు ముక్కు ఎత్తినప్పుడు మధ్యలో వెనక అంచు ముందు అంచు కంటే 7.3 సెం.మీ. కిందుంటుంది. కొసలో వెనక అంచు కేవలం 15 సెం.మీ. వెనకుంది కాబట్టి 1.6 సెం.మీ. మాత్రమే దిగుతుంది. మిగిలిన 5.7 సెం.మీ. కొసను వంచి దించాలి. అర స్పాన్ 50 సెం.మీ. మీద 5.7 అంటే దాదాపు 6.5 డిగ్రీలు. అప్పుడు వెనక అంచు పొడవునా నీటికి ఒకే దూరంలో ఉండి, కింది గాలి పక్కలకు జారిపోకుండా గుడారంలా పట్టుకుంటుంది. ఇక్కడ 3 డిగ్రీలు వేసి 'చూడ్డానికి బాగుంది' అనుకుంటే కొసల కింద 3 సెం.మీ. సందు మిగిలి సగం లాభం అందులోంచి పారిపోతుంది.

లెక్క కోసం రెక్కను విడగొట్టే ముక్కలు, అంటే ప్యానెళ్లు, అర రెక్కకు కార్డ్ వెంట 14, స్పాన్ వెంట 20. తోకకు 8, 10. మొత్తం 720 దాకా వస్తాయి. ఇంతకంటే ఎక్కువ పెడితే లెక్క నెమ్మదిస్తుంది తప్ప అంకె పెద్దగా మారదు.

రెక్క లెక్కకు ముందు ఫాయిల్ లెక్కలు చేసిపెట్టుకోవాలి. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు. వేగం సెకనుకు 9 మీటర్లు అనుకుంటే రెనాల్డ్స్ సంఖ్య (వేగం, కార్డ్, గాలి స్నిగ్ధత కలిపి వచ్చే అంకె) మధ్యలో 3,80,000 దాకా, కొసలో 82,000 దగ్గర వస్తుంది. మధ్యదొక్కటే చూసుకుని 2 లక్షల నుంచి 5 లక్షలకు మాత్రమే పోలార్లు (కోణాన్ని బట్టి లిఫ్ట్, డ్రాగ్ ఎలా మారతాయో చెప్పే పట్టికలు) చేస్తే, రెక్క విశ్లేషణలో ఎర్ర అక్షరాల వరద: ఫలానా స్పాన్ దగ్గర పాయింట్ 'ఔట్‌సైడ్ ద ఫ్లైట్ ఎన్వలప్'. ఇది సాఫ్ట్‌వేర్ జబ్బు కాదు, కొసకు కావలసిన పోలార్ మీరు ఇవ్వలేదని ఫిర్యాదు. బ్యాచ్ విశ్లేషణలో 50,000 నుంచి 5,00,000 దాకా, తక్కువ వైపు దగ్గర దగ్గరగా, కనీసం 8 పోలార్లు నడపండి. ఆల్ఫా (గాలికి రెక్క చేసే కోణం) సున్నా దగ్గర మొదలుపెట్టి అర డిగ్రీ మెట్లతో పైకి వెళ్తే లెక్క తెగిపోవడం తగ్గుతుంది. ఫాయిల్‌కి క్లార్క్ వై లాంటి అడుగు చదునైనది మంచి మొదలు. వెనక అంచును కొద్దిగా పైకి తిప్పిన ఎస్ ఆకారం ఇంకా మేలు, ఎందుకో కింద వస్తుంది.

ఒక చిన్న చికాకు. గాలి సాంద్రత 1.225, స్నిగ్ధత 0.000015 అని ముందే నింపి ఉంటాయి. అవి సముద్రమట్టంలో 15 డిగ్రీల చలిలో అంకెలు. కాకినాడ తీరంలో 35 డిగ్రీల మధ్యాహ్నం సాంద్రత 1.145 దగ్గర ఉంటుంది. హైదరాబాద్ ఎత్తులో అదే ఎండకు 1.075. సీఎల్ (లిఫ్ట్ గుణకం) 0.6 దగ్గర 1.2 కిలోలు మోయడానికి కావలసిన వేగం మొదటి లెక్కలో సెకనుకు 8.7 మీ., కాకినాడలో 9.0, హైదరాబాద్‌లో 9.3. తేడా గోరంతే కానీ, నీటి మీంచి లేచేటప్పుడు మోటారు ఆయాసపడేది సరిగ్గా ఆ గోరంత దగ్గరే. గడులు మార్చుకోండి.

ఇప్పుడు అసలు గడి. విశ్లేషణ నిర్వచించే కిటికీలో గ్రౌండ్ ఎఫెక్ట్ అని ఒక టిక్, పక్కన ఎత్తు. టిక్ పెడితే సాఫ్ట్‌వేర్ నేల కింద విమానానికి అద్దంలో బొమ్మ లాంటి రెండో విమానాన్ని పెట్టి రెండూ కలిపి లెక్కకడుతుంది. అప్పుడు నేలగుండా గాలి దూరడం అనేది గణితంలోనే ఉండదు. ఆలోచన పాతదే, నికార్సైనది. లిఫ్టింగ్ లైన్ పద్ధతిలో ఇది పనిచేయదు, వోర్టెక్స్ లాటిస్ లేదా ప్యానెల్ ఎంచుకోవాలి.

గోతి ఎక్కడుందంటే, ఆ ఎత్తు రెక్క అడుగు నుంచి కొలిచేది కాదు, డ్రాయింగ్ మూలబిందువు నుంచి కొలిచేది. మామూలుగా మూలబిందువు ముందు అంచు దగ్గరుంటుంది. 6 డిగ్రీలు ముక్కెత్తితే వెనక అంచు దానికి 7.3 సెం.మీ. కిందికి దిగుతుంది కదా. ఎత్తు 6 సెం.మీ. అని వేస్తే రెక్క నేలలోకి దిగబడుతుంది. సాఫ్ట్‌వేర్ 'ఇదేంటి' అని అడగదు. ఏదో ఒక సీఎల్ చేతిలో పెడుతుంది, అదీ మూడు దశాంశాలతో. రెండో చిక్కు ఇంకా మెత్తగా దెబ్బతీస్తుంది: ఆల్ఫా మారుస్తుంటే మామూలుగా ఇది రెక్కను కదపదు, గాలి దిశనే మారుస్తుంది. నేల దగ్గర అలా కుదరదు, వెనక అంచు నిజంగా కిందికి దిగాలి. జ్యామితిని వంచే 'టిల్ట్' ఆప్షన్‌కి టిక్ పెట్టండి. అది మూలబిందువు చుట్టూ తిప్పుతుంది కాబట్టి ఇంకో పని కూడా చేయాలి: విమానం ఎడిటర్‌లో రెక్కను ముందుకు జరిపి సీజీ సరిగ్గా మూలబిందువు మీదకు వచ్చేలా పెట్టండి. మన డిజైన్‌లో సీజీ ముందు అంచుకు 22 సెం.మీ. వెనక, రెక్క ఎక్స్ విలువ మైనస్ 0.22, తోకది ప్లస్ 0.75. ఇక మీరు వేసే ఎత్తు సీజీ ఎత్తు. 6 డిగ్రీల దగ్గర వెనక అంచు సీజీకి 5 సెం.మీ. కిందుంటుంది కాబట్టి 5 లోపు ఎత్తు వేయకూడదు. 7, 8.5, 10, 15 సెం.మీ. నాలుగు ఎత్తులు, టిక్ తీసేసి ఒకటి: మొత్తం ఐదు పోలార్లు. వేగం స్థిరంగా ఉండే టైప్ 1 వాడండి.

ఈ ఐదు పోలార్లతో చేయాల్సిన పనే ఈ సమీక్షకు ప్రాణం. ఇంటి ఎక్రనోప్లేన్లు చచ్చేది లిఫ్ట్ చాలక కాదు. సాఫీగా జారుతూ జారుతూ ఒక్కసారి ముక్కెత్తి వెనక్కి మొగ్గేసి పడతాయి. కారణం: చదునైన మామూలు రెక్క నేలకు దగ్గరున్నప్పుడు లిఫ్ట్ కార్డ్ మధ్యకు జరుగుతుంది, పైకి లేచేకొద్దీ నాలుగో వంతు దగ్గరకు, అంటే ముందుకు వచ్చేస్తుంది. ముందుకు వస్తే ముక్కు లేస్తుంది, ముక్కు లేస్తే ఇంకా పైకి పోతుంది, పైకి పోతే లిఫ్ట్ ఇంకా ముందుకు. దీనికి కొలమానం సోవియట్ పరిశోధకుడు ఇరొదొవ్ 1970లో ఇచ్చాడు. ఆల్ఫా మారినప్పుడు పుట్టే అదనపు లిఫ్ట్ ఒక బిందువు దగ్గర పనిచేస్తుంది, ఎత్తు మారినప్పుడు పుట్టేది ఇంకో బిందువు దగ్గర. ఎత్తు బిందువు ఆల్ఫా బిందువు కంటే ముందుండాలి. అంతే సూత్రం.

ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5 ఈ రెండు బిందువుల్ని నేరుగా చూపించదు. పోలార్లను టెక్స్ట్‌గా ఎగుమతి చేసి ఎక్సెల్‌లో రెండు భాగహారాలు చేసుకోవాలి. పద్ధతి చూపడానికి కొన్ని అంకెలు తీసుకుందాం. 10 సెం.మీ. ఎత్తులో ఆల్ఫా 4 దగ్గర సీఎల్ 0.62, సీఎం మైనస్ 0.010. (ఈ సీఎం ముఖ్యమంత్రి కాదు, ముక్కు ఎత్తే దించే మెలి గుణకం.) అదే ఎత్తులో ఆల్ఫా 6 దగ్గర సీఎల్ 0.80, సీఎం మైనస్ 0.028. సీఎం మార్పు మైనస్ 0.018ని సీఎల్ మార్పు 0.18తో భాగిస్తే మైనస్ 0.10, గుర్తు తిప్పితే ఆల్ఫా బిందువు సీజీకి సగటు కార్డ్‌లో 10 శాతం వెనక. ఇప్పుడు ఆల్ఫా 4లోనే ఉంచి ఎత్తు 10 నుంచి 8.5కి దించండి. సీఎల్ 0.67 అయింది, సీఎం మైనస్ 0.008 అయింది అనుకుందాం. 0.002ని 0.05తో భాగిస్తే 0.04, గుర్తు తిప్పితే ఎత్తు బిందువు సీజీకి 4 శాతం ముందు. ముందున్నది ఎత్తు బిందువే, సీజీ రెండింటి మధ్యలో, ముందుదానికి దగ్గరగా ఉంది. ఇలాంటిది నీటి మీద తనంతట తాను ఎత్తు పట్టుకుంటుంది. దిగితే ముక్కు కొద్దిగా లేస్తుంది, ఎక్కితే కొద్దిగా దిగుతుంది.

లెక్క తిరగబడి ఎత్తు బిందువు వెనక్కి పోయిందా, సీజీని అటూ ఇటూ జరిపితే బాగుపడదు. ఇది చాలామందికి మింగుడుపడని విషయం. సీజీ జరిపితే రెండు బిందువులూ సీజీ నుంచి ఒకేలా జరిగినట్టు కనిపిస్తాయి, వాటి మధ్య దూరం మారదు. మార్చాల్సింది ఆకారం: తోక పెద్దది చేయాలి లేదా ఇంకా పైకి, వెనక్కి జరపాలి (నేల ప్రభావానికి దూరంగా ఉన్న తోక ఆల్ఫా బిందువును వెనక్కి లాగుతుంది, ఎత్తు బిందువును అంతగా లాగదు), లేదా ఫాయిల్ వెనక అంచును ఎస్ ఆకారంలో పైకి తిప్పాలి. ఎస్ తిప్పితే ఒత్తిడి వెనక భాగంలో పేరుకోదు, ఎత్తు బిందువు ముందుకు వస్తుంది. వెనక చివరి పావు భాగంలో కొన్ని మిల్లీమీటర్లు పైకి తిప్పి మళ్లీ ఐదు పోలార్లు నడపండి. ఫాయిల్ ఎడిటర్‌లో ఈ పని పది నిమిషాలది. ఫోమ్ మీద చేయాలంటే వారం. డబ్బు పెట్టకుండా దొరికే ఈ వారమే ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5 అసలు విలువ.

ఐదో పోలార్‌ని, టిక్ తీసేసినదాన్ని, పక్కన పడేయకండి. గాలి విసురుకు మోడల్ మీటరు ఎత్తు ఎగిరితే నేల ప్రభావం ఉండదు, అప్పుడు కూడా ఆల్ఫా బిందువు సీజీకి వెనకే ఉండాలి. సాధారణంగా నేల దూరమయ్యేకొద్దీ అది ముందుకు జరుగుతుంది. 10 శాతం ఉన్న మార్జిన్ 3 శాతానికి పడిపోతే రేడియో పట్టుకున్నవాడి వేళ్లకు చెమటలే.

ఇదే సాఫ్ట్‌వేర్‌లో స్టెబిలిటీ విశ్లేషణ అని టైప్ 7 ఒకటి ఉంది. చూడముచ్చటగా ఉంటుంది, విమానం ఊగే బొమ్మ కూడా వేసి చూపిస్తుంది. మన పనికి దాన్ని తాకకండి. అది మామూలు విమానం సమీకరణాలతో నడుస్తుంది, అందులో ఎత్తు మారితే లిఫ్ట్ మారుతుందన్న పదమే లేదు. అక్కడ పచ్చజెండా ఊపినది నీటి మీద మొగ్గేయగలదు.

ఇక ఎక్కడ నమ్మకూడదో చెప్పుకోవాలి. వోర్టెక్స్ లాటిస్‌కి రెక్క మందం తెలియదు, మధ్య గీత మాత్రమే తెలుసు. నేలకు దూరంగా అది పెద్ద లోపం కాదు. కానీ కార్డ్‌లో పదో వంతు ఎత్తు లోపల రెక్క అడుగు ఆకారమే రాజు. అడుగు ఉబ్బెత్తుగా ఉండి ఆల్ఫా తక్కువగా ఉంటే, అడుక్కీ నేలకీ మధ్య గాలి ఇరుకు దారిలో వేగం పుంజుకుని రెక్కను కిందికి లాగుతుంది. రేసు కార్లు కోరి తెచ్చుకునేది ఇదే, మనకు శాపం. సమానంగా ఉబ్బే నాకా 0012 లాంటి ఫాయిల్ వేస్తే వోర్టెక్స్ లాటిస్ ఈ పీల్పును అసలు చూపించదు. అందుకని రెక్క ఒక్కదాన్నీ త్రీడీ ప్యానెల్ పద్ధతిలో అదే ఎత్తుల్లో మరోసారి నడిపి సీఎల్‌లు పోల్చండి. చదునైన అడుగు ఉన్న ఫాయిల్‌లో రెండూ దగ్గరగా వస్తాయి, రాకపోతే మెష్ (ప్యానెళ్ల అమరిక) తప్పో ఎత్తు తప్పో వెతకండి.

డ్రాగ్ అంకెల్ని సగమే నమ్మండి. ఫాయిల్ పోలార్లు నేల లేని గాలిలో చేసినవి, వాటినే నేల దగ్గర కూడా వాడుతుంది. స్టాల్ (కోణం మించి లిఫ్ట్ పడిపోవడం) ఎప్పుడొస్తుందన్నది కూడా అంతే. ఫ్యూజలేజ్ (మధ్య శరీరం) గీయొద్దు, పెట్టే వీలుంది కానీ ఫలితాలు మెరుగవడం కంటే చెడేదే ఎక్కువ.

ప్రొపెల్లర్ అసలు లేదు. ఇది చిన్న లోటులా కనిపిస్తుంది కానీ ఒక లెక్క చూడండి. నీటి తుంపర తగలకుండా మోటారును సీజీకి 20 సెం.మీ. పైన కంబం మీద పెట్టారనుకోండి. జారేటప్పుడు డ్రాగ్ బరువులో ఆరో వంతు, అంటే థ్రస్ట్ (మోటారు ముందుకు నెట్టే బలం) దాదాపు 2 న్యూటన్లు. అది ముక్కును దించే మెలి 0.4 న్యూటన్ మీటర్లు. మన వేగంలో, మన రెక్కకు అది సీఎంలో 0.042. ఇందాకటి స్థిరత్వం 0.10తో భాగిస్తే సీఎల్‌లో 0.4 తేడా! థ్రాటిల్ ఒక్కసారి మూసేస్తే మోడల్ బంతిలా పైకి ఎగరడానికి కారణం ఇదే. సీజీ తప్పనుకుని ముందు సీసం ముక్కలు పేర్చుతూ పోతారు. మోటారును తుంపర ఒప్పుకున్నంత కిందికి దించండి, ట్రాన్స్‌మిటర్‌లో థ్రాటిల్‌కీ ఎలివేటర్‌కీ మిక్స్ పెట్టండి. కేఎంలా ముందున్న ఇంజిన్ల గాలిని రెక్క కిందికి ఊదే ఏర్పాటు చేయాలనుకుంటే (దానికి ముందు 8, తోక మీద 2 ఇంజిన్లు) ఈ సాఫ్ట్‌వేర్ ఒక్క ముక్క కూడా సాయం చేయదు.

నీళ్లంటే దీనికి తెలియదు. నేల అంటే గాజు పలకే. నీటి మీంచి లేచేటప్పుడు ఒక వేగం దగ్గర డ్రాగ్ గూనిలా లేస్తుంది, జారే డ్రాగ్ కంటే అది బాగా ఎక్కువ. సాఫ్ట్‌వేర్ చూపిన డ్రాగ్‌కి సరిపడా మోటారు కొంటే పడవ కొన్నట్టే. ఇది లెక్క కాదు, కట్టేవాళ్ల అలవాటు: నిలబడి ఉన్నప్పుడు థ్రస్ట్ బరువులో 80 శాతం ఉండాలి. 1.2 కిలోలకు దాదాపు కిలో. ఫ్లోట్ అడుగున మెట్టు సీజీకి కాస్త వెనక పెట్టాలి. మెట్టు లేని గుండ్రటి అడుగు నీటిని వదలదు.

పోటీ సరుకుల సంగతి. డ్రెలా రాసిన ఏవీఎల్ కూడా ఉచితమే. అందులో ఐజడ్‌సిమ్ విలువ 1 వేసి జడ్‌సిమ్‌లో నేల ఎత్తు ఇస్తే అద్దం బొమ్మ లెక్క అదే చేస్తుంది, వంద ఎత్తుల్ని ఒక స్క్రిప్ట్‌తో నడపొచ్చు. కానీ అంతా టెక్స్ట్ ఫైళ్లు, రెనాల్డ్స్ సంఖ్యను బట్టి మారే ఫాయిల్ డ్రాగ్ లేదు. నాసా ఓపెన్‌వీఎస్‌పీ ఆకారాలు గీయడంలో రాజు, ఫోమ్ కోతకు డ్రాయింగులు తీసుకోవడానికి దాన్నే వాడండి. మొదటిసారి కట్టేవాళ్లు ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5 దాటి పోనక్కర్లేదు.

తెర మీంచి ఫోమ్ మీదకు వచ్చేటప్పుడు ఒక్క అంకె కాపాడుకోవాలి, బరువు. ఈ రెక్కను 9 శాతం మందంతో ఎక్స్‌పీఎస్ ఫోమ్ దిమ్మలోంచి ముద్దగా కోస్తే ఘనపరిమాణం 0.0125 ఘ.మీ.; ఘ.మీ.కి 32 కిలోల ఫోమ్ అయితే రెక్కే 400 గ్రాములు. 6 మి.మీ. షీట్లతో డొల్లగా కట్టి లోపల పక్కటెముకలు పెడితే తొడుగు 165, పక్కటెముకలు, కార్బన్ గొట్టాలు 60. అడుగుకు మాత్రం చ.మీ.కి 49 గ్రాముల గ్లాస్ బట్ట వేస్తే బట్ట 21, ఎపాక్సీ అంతే లేదా కాస్త ఎక్కువ. పాలియెస్టర్ రెజిన్ మాత్రం వద్దే వద్దు, దానిలోని స్టైరీన్ ఫోమ్‌ని ఐస్‌క్రీమ్‌లా కరిగిస్తుంది; మామూలు సూపర్ గ్లూ కూడా అంతే. స్టేషనరీ షాపు ఫోమ్ బోర్డు చవకే కానీ దాని కాగితం నీటికి ఊడుతుంది. తెల్ల ఫెవికాల్ నీటికి మెత్తబడుతుంది, మెరైన్ రకం తీసుకోండి. ఫ్లోట్లు, మధ్య శరీరం 200, తోక, కంబం 90, మోటారు, ఈఎస్‌సీ (మోటారు వేగం నియంత్రించే సర్క్యూట్), ప్రొపెల్లర్ 130, 3ఎస్ 2200 బ్యాటరీ 180, సర్వోలు, రిసీవర్ 60. మొత్తం 935 దగ్గర తేలుతుంది. 1.2కి మిగిలిన 265 గ్రాములు మిగులు కాదు, జిగురు, రంగు, లోపలికి దూరే నీళ్లు తినేసే వాటా.

వెనక అంచు గట్టితనం మీద పిసినారితనం వద్దు. 6 మి.మీ. ఫోమ్ అంచు గాలి ఒత్తిడికి 3 మి.మీ. పైకి వంగినా మీరు తెర మీద కష్టపడి గీసిన ఎస్ వంపు మారిపోతుంది, ఒక వైపే వంగితే మోడల్ ఆ వైపుకే ఒరుగుతుంది. 1.5 మి.మీ. కార్బన్ కడ్డీని అంచు పొడవునా అతికించండి.

మనుషుల్ని మోసే సైజు ఆలోచిస్తున్నవాళ్లకు: ఈ సాఫ్ట్‌వేర్ తొలి స్కెచ్ దాటి పనికిరాదు. అమెరికాలో యూనివర్సల్ హోవర్‌క్రాఫ్ట్ 1999 నుంచి హోవర్‌వింగ్ పేరుతో ప్లాన్లు, కిట్లు అమ్ముతోంది, రుజువైన ఆకారంతో మొదలవడం ప్రాణానికి మంచిది. నేల ప్రభావంలోనే ఎగిరే ఏ రకం, 150 మీటర్ల దాకా తాత్కాలికంగా ఎగరగల బీ రకం, ఆ పైకి పోగల సీ రకం అని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఐఎంఓ వర్గాలు చేసింది. ఏ వర్గంలో పడతారో కట్టకముందే తేల్చుకోవాలి.

మొదటి పరీక్షకు లెక్కను ఇలా సరిచూడండి. ముందు గడ్డి మీద చేత్తో విసిరి, టిక్ తీసేసిన పోలార్ చెప్పిన ట్రిమ్ (ముక్కు ఎత్తే దించే మెలి సున్నా అయ్యే కోణం) నిజమో కాదో చూడాలి. ముక్కు లేస్తే బ్యాటరీ 1 సెం.మీ. ముందుకు. తర్వాత పొద్దున్నే అలలు లేని చెరువు. 8.5 సెం.మీ. ఎత్తులో వెనక అంచు కింద ఉండేది 3.5 సెం.మీ. మాత్రమే, అలలు ఒకటిన్నర సెంటీమీటర్లు దాటితే బయటికి తీయొద్దు. పక్క నుంచి ఫోన్‌తో వీడియో తీసి, ఫ్రేమ్‌లో సీజీ ఎత్తు, ముక్కు కోణం కొలిచి, అదే బరువుకు టైప్ 2 (లిఫ్ట్ స్థిరంగా ఉంచి వేగం మార్చే) పోలార్ చెప్పిన వేగంతో పోల్చండి. కోణం ఒక డిగ్రీ ఎక్కువొస్తే సాధారణంగా బరువు ఎక్కువైందని అర్థం, త్రాసు మీద పెట్టండి. వేగం సరిపోయి కోణం మాత్రం రెండు డిగ్రీలు తేడా వస్తే త్రాసును వదిలేసి వెనక అంచు కింద స్కేలు ఆనించి చూడండి.